వనజీవి రామయ్య గారి చెట్లకు ఒక రిజిస్టరు కావాలి

తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వానికి, అటవీ, పంచాయతీరాజ్, రోడ్లు భవనాల శాఖలకు, ఖమ్మం జిల్లా యంత్రాంగానికి ఒక పౌరుడి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మీ అందరికీ నమస్కారములు.

పద్మశ్రీ వనజీవి రామయ్య గారు 2025 ఏప్రిల్ 12న ఖమ్మం రూరల్ మండలం రెడ్డిపల్లిలో కన్నుమూశారు. ఆనాడు ప్రధానమంత్రి, ముఖ్యమంత్రి మొదలుకొని ఊరి బడిపిల్లల దాకా అందరూ ఆయనను తలుచుకున్నారు. మన రాష్ట్రంలో ఒక సామాన్య గ్రామీణుడికి, అదీ ఏ పదవీ లేని మనిషికి, అంతటి గౌరవం దక్కడం అరుదు. అందుకు ఈ జిల్లావాసిగా నాకు ఎంతో సంతోషంగా ఉంది. ఆయన పేరిట విగ్రహం పెట్టాలనో, పార్కుకు పేరు పెట్టాలనో, ఏటా ఒక పురస్కారం ఇవ్వాలనో కోరేవారు చాలామంది ఉన్నారు. వాటిలో దేనికీ నేను వ్యతిరేకిని కాను. అయితే వాటన్నిటికంటే ముందు జరగవలసిన పని ఒకటి ఉందని, ఆలస్యమైతే దాన్ని ఎంత డబ్బు పోసినా చేయలేమని మీ దృష్టికి తేవడానికే ఈ లేఖ రాస్తున్నాను. ఆయన నాటిన చెట్లు ఏ ఊళ్లో, ఏ గట్టు మీద, ఏ రోడ్డు పక్కన ఉన్నాయో ఇప్పుడే గుర్తించి రాసిపెట్టాలి. అలా రాసిపెట్టిన చెట్లకు చట్టబద్ధమైన రక్షణ కల్పించాలి.

రామయ్య గారి అసలు ఇంటిపేరు దరిపల్లి. వనజీవి అన్నది జనం పెట్టిన పేరు, చివరికి అదే ఆయన ఇంటిపేరై కూర్చుంది. తలపాగా, మెడలో 'వృక్షో రక్షతి రక్షితః' అని రాసిన గుండ్రటి ఆకుపచ్చ పలక, సైకిలో మోపెడో, దాని మీద మొక్కలు, విత్తనాల సంచీ: ఖమ్మం చుట్టుపక్కల ఊళ్లవారికి దశాబ్దాల పాటు కళ్లకు అలవాటైన రూపం అది. పెళ్లిళ్లకూ సభలకూ బడులకూ అదే వేషంతో వెళ్లేవారు, వెళ్లిన చోటల్లా మొక్కో గుప్పెడు విత్తనాలో చేతిలో పెట్టేవారు. పాత రేకు ముక్కలు, డబ్బా మూతలు సేకరించి, వాటి మీద చెట్ల గురించిన నినాదాలు తానే రంగుతో రాసుకుని ఊరూరా తగిలించేవారు. మనవలకు, మనవరాళ్లకు కూడా పూల పేర్లూ వనాల పేర్లూ పెట్టుకున్న మనిషి. 2017లో పద్మశ్రీ వచ్చాక కూడా ఆయన దినచర్యలో ఏ మార్పూ రాలేదు. 2022లో మొక్కలకు నీళ్లు పోయడానికి వెళ్లి రోడ్డు దాటుతుండగా మోటారు సైకిల్ ఢీకొని గాయాలపాలైనప్పుడు, ఢీకొన్న వ్యక్తి మీద కేసు పెట్టవద్దని, బదులుగా అతనిచేత వంద మొక్కలు నాటించమని కోరారని అప్పట్లో పత్రికలు రాశాయి.

ఆయన పని తీరు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను కోరుతున్న రక్షణ ఎందుకు అవసరమో అందులోనే ఉంది. ఆయన ప్రధానంగా విత్తనాల మనిషి. నర్సరీలో పెంచిన మొక్కను లారీలో తెచ్చి, గుంత తీసి, ట్రీగార్డు పెట్టి ఫొటో దిగే పద్ధతి ఆయనది కాదు. ఎండాకాలమంతా కాయలు ఏరడం, గింజలు తీయడం, ఎండబెట్టడం, రకాలవారీగా మూటలు కట్టుకోవడం, తొలకరి పడగానే కాల్వ గట్ల మీద, రోడ్ల పక్కన, గుళ్ల దగ్గర, బడి ఆవరణల్లో, ఖాళీ జాగాల్లో నాటుకుంటూ, చల్లుకుంటూ పోవడం ఆయన ఏడాది లెక్క.

వినడానికి ఇది సులువుగా ఉంటుంది గానీ, చేసినవారికే తెలుస్తుంది ఇందులో ఎంత ఓపిక, ఎంత తెలివిడి కావాలో. కానుగ కాయలు ఎండాకాలంలో రాలతాయి, ఏరుకోవడం తేలిక. వేప అలా కాదు. వేపపండ్లు జూన్, జులై నెలల్లో రాలతాయి, గుజ్జు కడిగి నీడన ఆరబెట్టిన గింజ కొద్ది వారాల్లోనే మొలకెత్తే శక్తి కోల్పోతుంది కాబట్టి ఏరిన ఏడే, ఆ వానల్లోనే భూమిలో పడాలి. నేరేడు, ఇప్ప గింజలు కూడా దాచుకుంటే పనికిరావు. రేల గింజ ఇందుకు పూర్తిగా వేరు: దాని పైపొర ఎంత గట్టిదంటే, గీరడమో వేడినీళ్లలో నానబెట్టడమో చేయకపోతే వానలో తడిసినా ఆ ఏడు మొలకెత్తదు. మర్రి, రావి గింజలు ఇసుక రేణువులంత ఉంటాయి, పక్షి తిని విసర్జించిన చోట, గోడ పగుళ్లలో, తాటి మట్టల సందుల్లో మొలుస్తాయి గానీ మనం చల్లితే మొలిచేది తక్కువ. ఏ గింజ ఏ వారంలో రాలుతుంది, దేన్ని ఎన్నాళ్లు ఉంచవచ్చు, ఏ నేలలో ఏది బతుకుతుంది అన్న ఈ జ్ఞానం పుస్తకాలు చదివి వచ్చేది కాదు. ఏటా అవే చెట్ల కిందికి వెళ్లి వంగి ఏరితేనే వస్తుంది.

ఈ పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది. లారీలో వచ్చిన మొక్కకు బిల్లు ఉంటుంది, మస్టర్ ఉంటుంది, ఫైలు ఉంటుంది. చల్లిన గింజకు ఏదీ ఉండదు. రామయ్య గారు కోటికి పైగా మొక్కలు నాటారన్నది లోకంలో స్థిరపడిన మాట. ఆ అంకె మీద చర్చ నాకు అవసరమనిపించదు, ఎందుకంటే నాటిన చెయ్యి లెక్క పెట్టుకోలేదు, ప్రభుత్వమూ పెట్టలేదు. లెక్క పెట్టగలిగింది ఒక్కటే, ఈనాడు నిలబడి ఉన్న చెట్టు. అది కూడా ఇంకొన్నాళ్లే సాధ్యం. ఫలానా గట్టు మీది కానుగలు రామయ్య వేసినవని, ఫలానా బడిలోని వేపలు ఆయన ఇచ్చిన మొక్కలని చెప్పగలిగిన పెద్దలు ఊళ్లలో ఇంకా ఉన్నారు. ఆయన సమవయస్కులు, కాల్వల మీద పనిచేసిన లస్కర్లు, రిటైరైన పంతుళ్లు, గుడి పూజారులు, గొర్రెల కాపరులు, వీరి జ్ఞాపకమే మనకు మిగిలిన రికార్డు. వారు వెళ్లిపోయిన తరువాత ఆ చెట్లు ఎవరివీ కానివవుతాయి. ఎవరిదీ కాని చెట్టును కొట్టడానికి ఎవరూ వెనుకాడరు.

చెట్టు పోవడమంటే గొడ్డలి వేటు ఒక్కటే కాదని మీకు చెప్పనక్కరలేదు. మన జిల్లా కేంద్రం నుంచి ఏ దిక్కుగా బయలుదేరినా రోడ్డు పక్క చెట్లను కాస్త దిగి చూడండి. ఎన్నో ఏళ్ల క్రితం రక్షణగా పెట్టిన ఇనుప ట్రీగార్డును సమయానికి తీయకపోవడంతో కమ్మీ బెరడులోకి దిగిపోయి, దాని పైనా కిందా మాను ఉబ్బి, నడుమ బిగుసుకుపోయిన చెట్లు కనిపిస్తాయి. కోచింగ్ సెంటర్ల బోర్డులకు, అద్దె ఇళ్ల ప్రకటనలకు కొట్టిన మేకులు కనిపిస్తాయి. మొదట్లో చెత్త పోసి తగలబెట్టగా ఒకవైపు బెరడంతా మాడి, రెండోవైపు మాత్రం చిగురిస్తున్న వేపలు కనిపిస్తాయి. డ్రైనేజీ పనుల్లో చెట్టు చుట్టూ చుక్క నీరు దిగకుండా సిమెంటు పోసిన చోట్లు, కరెంటు తీగల కింద ఏటా ఒకే వైపు కొమ్మలు నరకగా ఎటో ఒరిగిపోయిన చోట్లు ఎన్నో. వీటిలో ఏ ఒక్కటీ చెట్టును కొట్టేయమన్న ఉత్తర్వుతో జరిగింది కాదు. పట్టించుకునే బాధ్యత ఫలానా వారిదని ఎక్కడా రాసి లేకపోవడం వల్ల జరిగింది.

ప్రభుత్వం ఏమీ చేయలేదని నేను అనడం లేదు. 2015లో హరితహారం మొదలైనప్పుడు రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచాలని, 230 కోట్ల మొక్కలు నాటాలని పెట్టుకున్న లక్ష్యం చాలా పెద్దది. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రతి గ్రామ పంచాయతీకి ఒక నర్సరీని తప్పనిసరి చేసింది, పంచాయతీ నిధుల్లో పదో వంతు పచ్చదనానికే ఖర్చు చేయాలన్నది, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని, ఆ బాధ్యత సర్పంచ్, కార్యదర్శులదేనని స్పష్టంగా రాసింది. ఇంత గట్టి నిబంధన ఉన్న చట్టాలు అరుదు. దాని ఫలితం పల్లెల్లో కనిపిస్తోంది కూడా. అయినా ఏటా వానాకాలంలో మనం వినే లెక్క మాత్రం ఎన్ని నాటామన్నదే తప్ప, మూడేళ్ల క్రితం నాటినవాటిలో ఎన్ని ఉన్నాయన్నది కాదు. తొందరగా ఎదిగి పచ్చగా కనిపిస్తుందని రోడ్ల వెంట విరివిగా పెంచిన కోనోకార్పస్ అనే విదేశీ మొక్కను, తరువాత ప్రభుత్వమే వద్దనుకోవలసి వచ్చింది. అదే కాలంలో రామయ్య గారి సంచీలో ఉన్నవి వేప, కానుగ, రావి, కదంబం, మారేడు. మన నేలకు, మన ఎండకు, మన పిట్టలకు ఏవి సరిపోతాయో తేల్చుకోవడానికి ఆయనకు ఏ కమిటీ నివేదికా అవసరం రాలేదు.

కాబట్టి నా మొదటి విన్నపం ఇది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారు చేయాలి. కొత్త చట్టం, కొత్త శాఖ, కొత్త పదవి ఏదీ అక్కరలేదు. ఖమ్మం రూరల్ మండలంతో మొదలుపెట్టి, రామయ్య గారు తిరిగిన ఊళ్లన్నిటిలో ఆ రిజిస్టర్లను తెరిపించండి. ప్రతి ఊళ్లో గ్రామసభ పెట్టి, పెద్దలను పిలిచి, ఆయన వేసిన చెట్లు ఎక్కడున్నాయో చెప్పించండి. పంచాయతీ కార్యదర్శి, అటవీ శాఖ బీట్ అధికారి, బడి నుంచి ఒక ఉపాధ్యాయుడు, పది మంది పిల్లలు కలిసి వెళ్లి చెట్టు జాతి, మాను చుట్టుకొలత, అది ఉన్న చోటు, దాని గురించి చెప్పినవారి పేరు రాసుకుంటే చాలు. చేతిలో ఫోన్ ఉంటే ఆ చోటును మ్యాపులో గుర్తించడం నిమిషం పని. చెప్పినదాంట్లో కొంత పొరపాటు ఉండవచ్చు, ఎవరో వేసిన చెట్టు ఆయన పేరున చేరవచ్చు. అలా చేరినా నష్టం ఏముంది? ఒక చెట్టుకు రక్షణ దొరుకుతుంది.

ఇందులో చిక్కగా చెట్లు ఉన్న గట్టునో, తోపునో ఒకటి రెండింటిని ఎంచి, అదే చట్టం కింద జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించే అవకాశాన్ని కూడా పరిశీలించమని కోరుతున్నాను. ఆ అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. అమీన్‌పూర్ చెరువును 2016లో అలా ప్రకటించిన అనుభవమూ మనకు ఉంది.

రెండవది రోడ్ల సంగతి. ఖమ్మం ఇప్పుడు రహదారుల కూడలి అవుతోంది. సూర్యాపేట వైపు నాలుగు వరుసల దారి వచ్చింది, దేవరపల్లి వైపు గ్రీన్‌ఫీల్డ్ రహదారి వస్తోంది, వీటిని కలిపే రోడ్లు ఒక్కొక్కటే వెడల్పవుతాయి. రోడ్లు వద్దనే మాట నేను అనను, రాత్రిళ్లు ఇరుకు రోడ్ల మీద ప్రాణాలు పోవడం ఈ జిల్లాలో చూడని ఇల్లు లేదు. నేను అడిగేది క్రమం గురించి. ఇప్పుడు రోడ్డు గీత గీసిన తరువాత, టెండరు పిలిచిన తరువాత, చివర్లో చెట్ల లెక్క మొదలవుతుంది. అప్పటికి నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు ఉన్న వాల్టా చట్టం కింద అనుమతి అడగడం, పరిహారంగా వేరేచోట మొక్కలు నాటతామని రాసివ్వడం తప్ప ఇంకేమీ మిగలదు. రిజిస్టరులో ఉన్న చెట్ల వరస సర్వే దశలోనే ఇంజనీరు కాగితం మీద కనిపించాలి. చెట్లను మధ్యలో ఉంచి రెండు పక్కలా దారి వేయవచ్చా, ఒకే వైపు వెడల్పు చేయవచ్చా అన్నది అంచనా తయారయ్యేటప్పుడే ఆలోచించాలి. హైదరాబాద్ శివారులోని అప్పా కూడలి నుంచి మన్నెగూడ దాకా ఉన్న చేవెళ్ల మర్రిచెట్ల విషయంలో ఇదే జరిగింది: ముందే ఆలోచించవలసినది ఆలోచించకపోవడం వల్ల పౌరులు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లాల్సి వచ్చింది, రోడ్డు పని ఏళ్ల తరబడి ఆగింది, చెట్లకు, ప్రయాణికులకు ఇద్దరికీ ఇబ్బంది కలిగింది. రామయ్య గారు వెళ్లిపోయిన ఆ ఏప్రిల్ నెలలోనే హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపవలసి వచ్చిన సంగతీ మనం మరచిపోలేదు. ఒకే నెలలో ఒకే రాష్ట్రం ఈ రెండింటినీ చూసిందన్న బాధ నాకు ఇంకా తగ్గలేదు.

పొరుగున కర్ణాటకలో సాలుమరద తిమ్మక్క గారు హులికల్, కూడూరు మధ్య వేసిన మర్రిచెట్లకు 2019లో రోడ్డు విస్తరణ వల్ల ముప్పు వచ్చినప్పుడు, ఆమె స్వయంగా ముఖ్యమంత్రిని కలిసి వాటిని కాపాడమని అడగగలిగారు. ఆ చెట్లు ఏవో, ఎక్కడున్నాయో అందరికీ తెలుసు కాబట్టి, అడగడానికి ఆమె ఉన్నారు కాబట్టి అది సాధ్యమైంది. తిమ్మక్క గారు కూడా 2025 నవంబరులో వెళ్లిపోయారు. రామయ్య గారి చెట్లు ఒక వరసలో లేవు, ఒక ఊళ్లో లేవు, వాటి తరఫున అడగడానికి ఇప్పుడు ఆయనా లేరు. ఆ పని రిజిస్టరు చేయాలి.

మనకు చేతకాక కాదు, మనసు పెడితే ఏం చేయగలమో మనమే చూపించాం. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదపురుగు పట్టి కొమ్మలు విరిగిపడినప్పుడు, 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి మానుకు బొట్టు బొట్టుగా మందు ఎక్కించి, వాలిన కొమ్మలకు ఆసరాలు కట్టి దాన్ని బతికించిన అధికారులు మన అధికారులే. అంత పెద్ద చెట్టుకు అంత సేవ చేసిన శాఖను, రోడ్డు పక్క వేపకు బిగుసుకున్న ట్రీగార్డు విప్పమని అడగడం పెద్ద కోరికేమీ కాదు. జిల్లాలో ఒక్క వారం ఆ పనికే కేటాయించి, పాత ట్రీగార్డులు కోసి తీయడం, మేకులు పీకడం, మొదట్లో సిమెంటు పగలగొట్టి పాదు చేయడం ఉపాధి హామీ వనసేవకులకు, మున్సిపల్ సిబ్బందికి అప్పగించండి.

ఇక విత్తనాల విషయం. రామయ్య గారి జీవితం మన పాఠ్యపుస్తకంలో పాఠంగా ఉంది. పిల్లలు ఆయన గురించి చదివి, ప్రశ్నలకు జవాబులు రాస్తున్నారు, సంతోషం. ఆయన చేసిన పనిని చేయడానికి మాత్రం వారికి వీలు దొరకడం లేదు, ఎందుకంటే గింజలు రాలే కాలంలో బడికి సెలవులు, బడి తెరిచాక జరిగే వన మహోత్సవంలో చేతికి వచ్చేది నర్సరీ మొక్క. ఏప్రిల్‌లో సెలవులు ఇచ్చే ముందే ఒక్కో బడికి చుట్టుపక్కల ఉన్న రెండు మూడు రకాల చెట్లు అప్పగించి, సెలవుల్లో కాయలు, గింజలు ఏరి దాచమని, జూన్‌లో బడి తెరవగానే తీసుకురమ్మని చెప్పవచ్చు. వేప, నేరేడు లాంటివి బడి తెరిచాకే ఏరించాలి. ఆ గింజలు పంచాయతీ నర్సరీకే వెళ్లాలి, వాటి నుంచి వచ్చిన మొక్కలే ఆ ఊళ్లో నాటాలి. ఖమ్మంలో అటవీ శాఖ ఆధ్వర్యంలో రామయ్య గారి పేరిట ఒక దేశీయ విత్తన కేంద్రం పెట్టి, ఏ గింజ ఎప్పుడు ఏరాలి, ఎలా శుభ్రం చేయాలి, ఎన్నాళ్లు ఉంటుంది అన్నది తెలిసినవారిచేత చెప్పించి, ఊరి జనానికి అర్థమయ్యే తెలుగులో ఒక చిన్న పుస్తకంగా వేయించండి. స్మారకం అంటూ ఏదైనా కట్టాలనుకుంటే, నా మట్టుకు నేను ఆ కేంద్రాన్నే కోరుకుంటాను.

ఏ గౌరవం చేసినా రామయ్య గారి భార్య జానమ్మ గారి పేరు ఆయన పేరు పక్కనే ఉండాలి. ఎండలో తిరిగి వచ్చిన మనిషికి కూడు పెట్టి ఊరుకోకుండా, తానూ విత్తనాలు ఏరి, తానూ మొక్కలు నాటి, ఉన్న కాస్త భూమినీ దీనికోసం పోగొట్టుకుంటుంటే అడ్డు చెప్పకుండా ఆ సంసారాన్ని మోసిన ఇల్లాలు ఆమె. పద్మశ్రీ ఒక్కరికే ఇస్తారు, అది నియమం. మనం పెట్టే శిలాఫలకం మీద రెండు పేర్లు రాయడానికి ఏ నియమమూ అడ్డురాదు.

చివరిగా ఇంకొక్క మాట. ఈనాడు తెలంగాణలోని ఏ మండలానికి వెళ్లినా ఇలాంటివారు ఒకరిద్దరు కనిపిస్తారు. చెరువు కట్ట మీద తుమ్మలు పీకి ఈతలు పెట్టేవారు, శ్మశానాన్ని తోపుగా మార్చినవారు, జీతంలోంచి తీసి ట్రీగార్డులు కొనే కండక్టర్లు, పంతుళ్లు. వారిని ఎనభై ఏళ్లు వచ్చేదాకా, లేదా ఆసుపత్రిలో చేరేదాకా మనం గుర్తించం. మండలానికి కొందరిని అటవీ శాఖ తన స్వచ్ఛంద సేవకులుగా నమోదు చేసి, గుర్తింపు కార్డు, ప్రమాద బీమా, పంచాయతీ ట్యాంకరు నుంచి నీళ్లు అడిగే హక్కు ఇస్తే వారికి అదే పెద్ద అండ. రోడ్డు పక్క మొక్కకు నీళ్లు పోస్తున్న పెద్దమనిషిని బండి ఢీకొంటే ఆసుపత్రి ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న ప్రశ్న మళ్లీ రాకూడదు.

ఈ పనులన్నీ ఒకేసారి కావని నాకు తెలుసు. రిజిస్టరు పని మాత్రం ఈ ఎండాకాలమే మొదలుపెట్టవచ్చు. వచ్చే ఏప్రిల్ 12న రెడ్డిపల్లిలో వర్ధంతి సభ ఎలాగూ జరుగుతుంది. ఆ రోజు అక్కడే గ్రామసభ కూడా ఏర్పాటు చేసి, ఆ ఒక్క ఊరి చెట్ల జాబితానైనా, చెప్పినవారి పేర్లతో సహా జానమ్మ గారి ఎదుట చదివి వినిపించి, తీర్మానం చేసి, ఒక ప్రతిని రోడ్లు భవనాల శాఖ ఖమ్మం కార్యాలయానికి అక్కడి నుంచే పంపించవలసిందిగా కోరుతున్నాను. చెట్లు చూపించడానికి, రాయడానికి, కొలవడానికి మనుషులు కావాలంటే మా ఊరి నుంచి మేమందరం వస్తాం.

భవదీయుడు,
ఖమ్మం జిల్లా పౌరుడు